నాలుగో పేజీలో సౌభాగ్య నిలయ

కర్ణాటకలో పావగడ దగ్గరున్న తిరుమణిలో సోలార్ ప్లాంట్లు కడుతున్న రోజుల్లో సౌభాగ్య ఇంట్లో పూటకు పద్నాలుగు మంది తినేవాళ్లు. చెనక్కాయ పండిన చేను కంపెనీకి లీజుకు పోయింది. మేపడానికి బీడు లేక గొర్రెల్ని అమ్మేశారు. లీజు డబ్బుతో తల్లి ఓబక్కా, సౌభాగ్యా కలిసి ఇంటి మీద ఆరు గదులు వేయించారు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన ఫిట్టర్లు, ఇంజనీర్లు వాటిలో దిగారు. చిన్న వయసులోనే మొగుడు పోయి పుట్టింటికి చేరిన సౌభాగ్యకు వంటిల్లే లోకమైంది. చపాతీలు చేయడం, హిందీ మాట్లాడటం ఆ జనం దగ్గరే నేర్చుకుంది.

ప్లాంట్ల పని అయిపోగానే ఒక్కో గదీ ఖాళీ అయింది. ఆరో గది ఖాళీ అయిన ఏడాదే ఓబక్క పోయింది. ఒకప్పుడు కలుపు తీయడానికి పదిమంది ఆడవాళ్లు ఒక వరసలో కూర్చుని, సాయంత్రం దాకా ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు ఆ చేలన్నీ కంచె లోపల ఉన్నాయి. ఎవరింట్లో వాళ్లు ఉంటున్నారు. అప్పట్లో సౌభాగ్యతో కలుపుకు వచ్చే చిన్నక్క ప్లాంట్‌లో గడ్డి తీసే పనికి కుదిరింది. పొద్దున వ్యాన్‌లో పోతూ చెయ్యి ఊపుతుంది, అంతే.

వెళ్లిపోయేముందు నందీష్ అనే సైట్ ఇంజనీరు ఆమెకొక వెబ్‌సైట్ చేసిచ్చాడు. ఇంటి ఫొటోలు పెట్టి, 'సౌభాగ్య నిలయ' అని పేరు రాసి, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసిచ్చాడు. రోడ్డు పక్కన బోర్డు ఉన్నట్టే అదీ ఎక్కడో జనానికి కనిపిస్తూ ఉంటుందని ఆమె నాలుగేళ్లు అనుకుంది. ఒక్క ఫోనూ రాలేదు.

ఒక మధ్యాహ్నం కారు టైరు పంక్చరై ఒకాయన నీళ్లకోసం వచ్చాడు. ఇన్వర్టర్లు చూసే పని మీద వచ్చి, పావగడ లాడ్జిలో దిగి రోజూ తిరుగుతున్నాడట. పైన గదులు చూసి ఆశ్చర్యపోయాడు.

"ఈడ రూములుండాయని నాకు తెలీదే. ఫోన్‌లో వెతికితిని, ఏమీ రాలేదు."

"వెబ్‌సైట్ ఉండాదప్పా," అంది సౌభాగ్య.

ఆయన అక్కడే నిలబడి వెతికాడు. వేలితో కిందికి జరుపుతూ పోయాడు. మొదటి పేజీలో పావగడ లాడ్జిలు, తర్వాత సోలార్ పార్క్ వార్తలు, తర్వాత ఇంకేవో. నాలుగో పేజీలో దొరికింది.

"ఇంత లోపలికి ఎవురొస్తారమ్మా," అని చెంబు తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

మర్నాడు సౌభాగ్య బస్సెక్కి పావగడ వెళ్లింది. బస్టాండు దగ్గర రక్షిత అనే అమ్మాయి కంప్యూటర్ సెంటర్ నడుపుతోంది. పొలాల రికార్డు పహణి తీసివ్వడం, ఉద్యోగాలకు అప్లికేషన్లు నింపడం ఆమె పని. సౌభాగ్య కాగితం చూపించింది. రక్షిత పేజీ తెరిచి చాలాసేపు చూసింది.

"అక్కా, ఈ పేజీకి టైటిల్ ఏముండాదో తెలుసా? హోమ్ అని ఉండాది. గూగుల్‌లో నీ ఇంటి పేరు హోమ్."

"సౌభాగ్య నిలయ అని పెద్దగా రాసినాడు కదా."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. బయటోళ్లు ఆ పేరు పెట్టి వెతుకుతారా? వాళ్లకు రూమ్ కావాల, అన్నం కావాల. ఆ మాటలు ఈ పేజీలో యాడా లేవు. ఫోన్ నంబరు కూడా ఫొటోలోనే ఉండాది. ఫొటోలో రాసింది మనిషి చదువుతాడు గానీ, వెతికే మిషన్‌కు సరిగ్గా తెలీదు."

ఇద్దరూ కూర్చుని మార్చారు. టైటిల్‌లో 'తిరుమణిలో గదులు, ఇంటి భోజనం' అని పెట్టారు. పైన హెడ్డింగ్ కూడా అలాగే రాశారు. దాని కింద, గదులు ఎన్ని, ప్లాంట్ గేటుకు ఎంత దూరం, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఏం వండుతారు అన్నవి నాలుగు మామూలు మాటల్లో రాశారు. ఫోన్ నంబరును ఫొటోలో కాకుండా పేజీలోనే టైపు చేశారు. ఫొటోలు బరువుగా ఉండి పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది, వాటిని చిన్నవి చేశారు. ఒక్కో ఫొటో కింద అదేమిటో రాశారు. అవే మాటలు ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ కూడా రక్షిత రాసింది. ఇదంతా ఫోన్‌లో కూడా ఎలా మార్చుకోవాలో సౌభాగ్యకు రెండుసార్లు చేసి చూపించింది.

"ఇంక రేపట్నుంచి పైకొస్తాదా?"

"రేపే రాదక్కా. గూగుల్ మళ్లొచ్చి చూసిపోవాల. కొన్ని వారాలు పడతాది."

ఆ వారాల్లో సౌభాగ్య రోజూ అన్నం తిన్నాక ఫోన్‌లో వెతికేది. మూడు వారాలకు తన పేజీ అన్నిటికన్నా పైన వచ్చింది. వెంటనే రక్షితకు ఫోన్ చేసింది.

రక్షిత అంది. "నీ ఫోన్‌కు నువ్వెవురో తెలుసక్కా. దినమ్మూ ఆ పేజీనే తెరుస్తాంటావు, ఉండేది కూడా ఆడనే. అందుకే పైన చూపిస్తాది. దూరంగా ఉండేవాళ్లు ఎవురినన్నా వెతికి చూడమను."

దూరంగా తనకు ఎవరున్నారా అని సౌభాగ్య ఫోన్‌లో పేర్లు చూసింది. చిన్నక్క, పాలమనిషి, కరెంటాఫీసు. మిగతావన్నీ గదుల పేర్లే. రూమ్ రెండు ఒడిశా. రూమ్ ఐదు క్రేన్. ఏళ్ల తరబడి అన్నం పెట్టిన మనుషులకు పేర్లు రాసుకోలేదని అప్పుడు గమనించింది. రెండు నంబర్లు పనిచేయలేదు. 'రూమ్ మూడు బీహార్' ఎత్తాడు. రాజస్థాన్‌లో ఏదో ప్లాంట్‌లో ఉన్నాడట, వెనకాల గాలి హోరుమంటోంది.

"తిరుమణి నుంచి, ఆంటీని," అంది హిందీలో.

అతనికి గుర్తుకు రావడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తొచ్చాక మాత్రం, "చెనక్కాయ చట్నీ ఆంటీ కదా," అన్నాడు. ఆమె విషయం చెప్పింది. లైన్‌లో ఉండమని అతను వెతికాడు.

"రెండో పేజీలో ఉంది ఆంటీ. ఇందులో సౌభాగ్య అని రాసుంది, ఆమె ఎవరు?"

"నేనే."

"ఓ," అన్నాడతను. పదకొండు నెలలు ఆ ఇంట్లో ఉన్న మనిషి.

"ఏమని వెతికినావు?" అని అడిగింది సౌభాగ్య.

"పావగడ సోలార్ పార్క్, రూమ్, ఖానా. మాకు తిరుమణి అని ఊరి పేరు అక్కడికొచ్చాకే కదా తెలిసేది."

ఫోన్ పెట్టేముందు ఆమె అతని పేరు అడిగింది. దిలీప్ అని చెప్పాడు. నంబరు పక్కన అలాగే మార్చుకుంది. ఆ సాయంత్రమే టైటిల్ కూడా మార్చింది. 'పావగడ సోలార్ పార్క్ దగ్గర గదులు, ఇంటి భోజనం - తిరుమణి.' రక్షిత సాయం లేకుండా తానే చేసిన మొదటి మార్పు అది. రెండు నెలలకు పేజీ అందరికీ మొదట్లోనే కనిపించడం మొదలైంది. రక్షిత తన ఫోన్‌లో చూసి చెప్పింది, దిలీప్ కూడా చెప్పాడు.

తర్వాత ఫోన్లు వచ్చాయి, కానీ ఆమె అనుకున్నన్ని కాదు. నెలకు నాలుగో ఐదో. పని చూసిపోవడానికి వచ్చేవాళ్లే తప్ప, ఏళ్లతరబడి ఉండేవాళ్లు ఇప్పుడు లేరు. అలా ఫోన్ చేసి మొదట వచ్చినాయన ఒక్క రాత్రి ఉండి, ఫోన్ చూసుకుంటూ రాగిముద్ద తిని, తెల్లవారగానే పోయాడు. ఆయన పడుకున్న దుప్పటి ఉతికి ఆరేస్తూ, ఇంతకోసమా ఇంత తిప్పలు పడింది అనుకుంది సౌభాగ్య. రక్షితతో అదే అంటే, "పైకి తెచ్చేది మన చేతిలో ఉండాది. వెతికేవాళ్లనే యాడనుంచి తెస్తామక్కా," అంది.

అయినా ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ ఆమె ఒకటి అడిగేది, ఏమని వెతికినారు అని. మొదట్లో పేజీ కోసమే అడిగింది. తర్వాత, ఆ ఒక్క ప్రశ్నతో మాట ఇంకో రెండు నిమిషాలు సాగుతుందని అడగసాగింది. ఎవరో 'చపాతీ' అని వెతికామన్నారు. ఎవరో 'వేడినీళ్లు' అన్నారు. ఉన్నవి ఉన్నట్టు పేజీలో చేర్చింది. కారు నిలపడానికి చోటు ఉందని రాసింది. కరెంటు పోతే గదుల్లో ఫ్యాన్లు ఆగిపోతాయని కూడా దాచకుండా రాసింది.

చలికాలంలో ప్రార్థన అనే అమ్మాయి ప్లాంట్‌లో సేఫ్టీ తనిఖీకి వచ్చి నాలుగు రోజులుంది. సాయంత్రాలు వంటింటి గడప మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరిగి ఇచ్చేది. వెళ్లే రోజు కన్నడంలో ఒక మాట చెప్పింది. "ఈ ఇంట్లో ఆడమనిషి ఉంటుందని పేజీలో ఎక్కడా లేదక్కా. అది తెలీక, రావాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను."

ప్రార్థన బస్సెక్కాక సౌభాగ్య గడప మీదే కూర్చుని ఫోన్ తెరిచింది. 'ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటాను' అని రాసింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. అది లోకమంతా చదవాల్సిన మాట కాదనిపించి చెరిపేసింది. 'ఇంటావిడ సౌభాగ్య స్వయంగా వండి పెడుతుంది. ఆడవాళ్లు ఒంటరిగా వచ్చినా ధైర్యంగా ఉండొచ్చు' అని రాసి సేవ్ చేసింది. గూగుల్‌లో పేజీ పేరు కింద కనిపించే రెండు వరసల చోట కూడా అదే పెట్టింది.

అప్పట్నుంచి ఆడవాళ్ల ఫోన్లు కొన్ని వస్తున్నాయి. చదువుల పని మీద వచ్చేవాళ్లు, తనిఖీలకు వచ్చేవాళ్లు. కొన్ని నెలలు ఒక్కరూ రారు. అలాంటి నెలల్లో ఆమె పేజీని తెరిచి, మార్చాల్సిందేమీ లేకపోయినా ఒకసారి చదువుకుంటుంది.

మొన్న బెంగళూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. వారం రోజులు ఉండాలట. దారి, బస్సు అన్నీ అడిగాక, "ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అంది.

"నేనుంటాను," అంది సౌభాగ్య.

గురువారం వస్తానని చెప్పిందామె. సౌభాగ్య రెండో గది తలుపు తీసి, పరుపును మేడ మీదికి లాక్కెళ్లి ఎండలో వేసింది.