మంచు పల్చబడింది

జనవరి రెండో ఆదివారం, సాయంత్రం. అమీర్‌పేటలో మా ఫ్లాటు. ఉన్నవారు: నేను, నా భార్య, ఎదురింటి రిటైరైన బస్సు డ్రైవరు, పై అంతస్తులో అద్దెకుండే మలయాళీ అమ్మాయి, ఆఫీసు పని మీద వచ్చి ఆమె దగ్గర దిగిన గ్రీన్‌లాండ్ ఆవిడ.

ఆవిడ తన ఊరి సంగతులు ఇంగ్లీషులో చెబుతోంది. చలికాలంలో అక్కడ సముద్రమే గడ్డకట్టి దారవుతుంది. దాని మీదుగా సీల్ అనే సముద్ర జంతువుల వేటకు వెళ్తారు. ఏ నెలలో ఎంత దూరం నమ్మి వెళ్లవచ్చో పెద్దవాళ్లు చెప్పేవారట. ఇప్పుడు సముద్రం వేడెక్కి వాళ్ల మాట నిలవడం లేదు. నిరుడు ఆ గడ్డ విరిగి ఆవిడ అన్న మునిగిపోయాడు.

బాల్కనీలో ఫోను మాట్లాడుతున్న డ్రైవరు అప్పుడే లోపలికి వచ్చాడు.

"ఏమంటున్నది సార్?"

ఎంత పెద్ద ఫైలునైనా రెండు ముక్కల్లో తేల్చడం నాకు ఆఫీసులో అబ్బిన అలవాటు. పకోడీ నములుతూ, "మంచు పల్చబడిందట, వాళ్లన్న పోయాడట" అన్నాను.

"మంచు విడిస్తే పోక ఏం జేస్తడు సార్! పంజగుట్టల సిగ్నల్ ఇడ్సినట్టే గద, ఉరుకుడే!"

నేను నవ్వేశాను. ఎందుకు నవ్వకూడదో తట్టేసరికి ఆలస్యమైంది. నా భార్య తల దించుకుంది. గ్రీన్‌లాండ్ ఆవిడ మా ముఖాలు చూసి, ఏమన్నారని అడిగింది.

"ట్రాఫిక్ గురించి" అన్నాను. ఆవిడ మర్యాదకు చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూశాక చేతిలోని పకోడీ ప్లేటులో పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే డ్రైవరింటి తలుపు తట్టి విషయం చెప్పాను.

"అయ్యో! పొగమంచు అనుకున్న సార్. పోయిండంటే బయల్దేరిండనుకున్న. సచ్చిపోయిండని సాఫ్ చెప్పొద్దా? నా నోట్ల మన్నువడ!"

లుంగీ మీదే నా వెంట పైకి వచ్చాడు. జరిగిందంతా ఆవిడకు చెప్పాను, నా అబద్ధంతో సహా.

"అయితే మా అన్న సంగతి ఈయనకు ఇంకా తెలియదన్నమాట" అంది. మమ్మల్ని కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పింది. ఈసారి ఒక్క మాటా వదలకుండా తెలుగు చేశాను: అన్న కుక్కల బండి కట్టడం, ఎప్పుడూ గట్టిగా ఉండే చోటే గడ్డ విరగడం, చనిపోవడం.

డ్రైవరు నా వైపు తిరిగాడు. "మరి కుక్కలేమైనయో అడుగుండ్రి సార్" అన్నాడు.

అడిగాను. ఒక్కటే ఇంటికి వచ్చిందట.