పెద్దమ్మ పింఛను కోసం కోస్గి దాకా

మూడు నెలలుగా పింఛను రావడం లేదని పెద్దమ్మ నాకు చెప్పలేదు. ఫోన్‌లో మాటల మధ్య, బీపీ మాత్ర ఒక రోజు వేసుకుని ఒక రోజు మానేస్తున్నానని అంది. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. జాబితాలోంచి పేరు తీసేశారట. ఎందుకు తీసేశారో ఊళ్లో ఎవరికీ తెలియదట. వచ్చే సోమవారానికి సెలవు పెట్టి బయల్దేరాను. కోస్గి చుట్టుపక్కల ఊళ్లు చూడాలని హైదరాబాదు నుంచి ఎవరూ రారు, ఇలాంటి పని పడిన పిల్లలే వస్తారు. నాలాగే ఇంట్లో పెద్దవాళ్ల పింఛను ఆగిపోయి, ఒక్కరోజులో మండల కార్యాలయానికి వెళ్లి రావాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు సొంత అక్క. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. నా చిన్నప్పుడు అమ్మా బాపూ మేస్త్రీ వెంట పుణె వైపు కట్టుబడి పనులకు వెళ్లేవారు. ఏడాదిలో తొమ్మిది నెలలు అక్కడే. నేను పెద్దమ్మ దగ్గర పెరిగాను. అప్పుడే ఆమె రేషన్ కార్డులో నా పేరు ఎక్కించారు, అది నేటికీ అక్కడే ఉంది. పత్తి ఏరి, కలుపు తీసి, ఆమె నన్ను బడికి పంపింది. మా రెండు ఇళ్లలోనూ బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను.

మెహిదీపట్నంలో ఉదయం ఆరుంబావుకు బస్సు ఎక్కాను. చేవెళ్ల, పరిగి మీదుగా కోస్గికి మూడు గంటలు. మగవాళ్లకు నూట యాభై దాకా అవుతుంది, ఆడవాళ్లకు డబ్బులు తీసుకోని జీరో టికెట్. కండక్టర్ ఆధార్ కార్డు చూసి టికెట్ చించి ఇచ్చాడు. నా పక్కన కూర్చున్నావిడ చేతులకు బంగారు గాజులున్నాయి. పరిగి దగ్గర వాళ్లకు నాలుగెకరాలుందట, దున్నక పడావు పడిందట. అయినా ఎకరానికింతని సర్కారు ఇచ్చే సాయం ఆమె ఖాతాలో పడుతుందట. "మా ఆయన కారుల తీస్కపోత అన్నడు. నేనే వద్దన్న. ఉత్తగ వచ్చేది ఎందుకు ఇడువాలె?" అని నవ్వింది. నేను పింఛను పని మీద వెళ్తున్నానని చెప్పగానే, పింఛన్లు దొంగలు తింటున్నారని, అందర్నీ ఏరిపారేయాలని అంది. చెడ్డ మనిషేమీ కాదు, ఇంటి నుంచి తెచ్చిన పల్లీలు నా దోసిట్లో పోసింది. ఇద్దరి చేతుల్లోనూ ఒకేలాంటి టికెట్లు. ఫుట్‌బోర్డు దగ్గర సంచి మీద కూర్చున్న కూలి ఆమె చేతిలోనూ అదే టికెట్. మీకు జీతమెంత, భూమెంత అని మాలో ఎవర్నీ ఎవరూ అడగలేదు.

పరిగి దాటాక మంచు విడిచింది కానీ ఎండ రాలేదు. రోడ్డుకు రెండు వైపులా కంది పూత మీద ఉంది, మధ్యమధ్య ఏమీ వేయని ఎర్ర నేలలు, రాతి గుండ్లు. తొమ్మిదిన్నరకు కోస్గిలో దిగాను. మా ఊరు అక్కణ్ణుంచి ఏడు కిలోమీటర్లు. షేర్ ఆటోకు ఇరవై రూపాయలే కానీ అది నిండేదాకా కదలదు. ఊరికి పోయి పెద్దమ్మను ఎక్కించుకుని మళ్లీ కోస్గి కార్యాలయానికి రావడానికి మూడు వందలకు కిరాయి మాట్లాడుకున్నాను. ఆటో నడిపే అతను నా ఈడువాడే. సంగతంతా విన్నాడు. నా ఉద్యోగమేమిటో కూడా అడిగి తెలుసుకున్నాడు.

పెద్దమ్మ అప్పటికే కాగితాల ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పెదనాన్న మరణ ధ్రువపత్రం, అన్నీ అందులో ఉన్నాయి. మోకాళ్ల నొప్పితో ఆటో ఎక్కడానికే చాలాసేపు పట్టింది. ఆమె అవస్థ చూసి, ఈ తిరుగుడంతా ఎందుకు, ఆ రెండు వేలు నెలనెలా నేనే పంపుతాను కదా అన్నాను. ఆమె బయటికి చూస్తూ అంది.

"నువ్వు పంపుతవు బిడ్డా, నాకెర్కే. ఒక నెల మర్చిపోతవు. అప్పుడు నేను ఫోన్ జేసి అడగాలె. అడుగుడు నాతోని గాదు. గదైతె నా పేరు మీద వస్తుండె. ఎవ్వల్ని అడగకుంట వస్తుండె."

ఆటో అతను అద్దంలోంచి నన్ను చూశాడు. "అక్కా, ఏమనుకోకు. నెలకు జీతమొచ్చేటోళ్లు ఇంట్ల ఉన్నంక పింఛిని ఎందుకు? గందుకే తీసేసి ఉంటరు. లేనోళ్లకు ఇయ్యాలె గని, అందరికి ఇచ్చుకుంట పోతె సర్కార్ దగ్గర ఏముంటది?"

నేను వేరే ఊళ్లో ఉంటున్నానని, ఆమె ఒక్కతే ఉంటోందని చెప్పాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. పెద్దమ్మే అందుకుంది.

"ఓ కొడుకా, ఆటో ఎక్కెటోళ్లను పైసలున్నయా లేవా అని అడిగి ఎక్కిచ్చుకుంటవా?"

"అడగ పెద్దమ్మా. లేకుంటె దింపుత."

"నన్ను గట్లనే నడిమిట్ల దింపిండ్రు" అంది ఆమె. అతను నవ్వాడు.

కార్యాలయంలో పదిన్నరకే ముప్పై మంది దాకా ఉన్నారు. దాదాపు అందరూ పెద్దవాళ్లే, అందరి ఒళ్లోనూ అలాంటి కవర్లే. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. గుమస్తా యాభై ఏళ్ల మనిషి, మర్యాదగా మాట్లాడాడు. పెద్దమ్మకు కుర్చీ చూపించి, ఆధార్ సంఖ్య కొట్టి, తెర నావైపు తిప్పాడు. కుటుంబంలో జీతం పొందే సభ్యులున్నారని అక్కడ ఉంది. కింద నా పేరు.

"ఈ పేరు మీదేనా మేడం?"

ఔనన్నాను. ఆ వివరం రాసింది కూడా నేనే. రెండేళ్ల కిందట ఇంటింటి సర్వేకు వచ్చినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. ఎప్పుడు ఏ ఫారం వచ్చినా మా గల్లీ అంతా మా అరుగు మీదికే వస్తుంది. ఎవరేం చెబితే అది రాశాను. కొడుక్కు ట్రాక్టరున్నాయన కూలి అని రాయమంటే కూలి అనే రాశాను. మా ఇంటి వంతు వచ్చినప్పుడు, నేను ఇక్కడ ఉండను కదా, నా గడి ఖాళీగా వదిలేద్దామా అనుకున్నాను. పెద్దమ్మ నా భుజం మీదుగా వంగి చూస్తోంది. "ఇడిసిపెట్టకు, రాయి. మన తాతలకాడికెళ్లి కూలి అనే రాసిండ్రు. నౌకరి అని మొదటిసారి రాస్తున్నం. జర పెద్దగ రాయి" అంది. పెద్దగా, గుండ్రంగా రాశాను. జీతమెంతో కూడా ఒక్క రూపాయి తేడా లేకుండా రాశాను. ఆమెకు చదవడం రాదు. అయినా ఆ కాగితాన్ని గల్లీలో నలుగురికి చూపించి వచ్చింది.

గుమస్తా ఒక దారి చెప్పాడు. నా పేరు ఆమె కార్డు నుంచి తీయించుకోవాలి. దానితోపాటు, తనను పోషించేవారు ఎవరూ లేరని ఆమె రాసిచ్చి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. పై నుంచి అనుమతి వచ్చినప్పుడు విచారణ చేసి ఇస్తారట. ఎప్పుడొస్తుందని అడిగాను. "నాకు తెల్వది మేడం. తెలిసినట్టు చెప్పి మిమ్మల్ని పంపుడు నాకిష్టం లేదు" అన్నాడు.

బయట గోడ పక్కన అర్జీలు రాసేవాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. కాగితానికి వంద రూపాయలు. చదువుకున్న దాన్ని నేనుండగా వంద ఎందుకు దండగ అనుకుని, జిరాక్స్ దుకాణంలో అయిదు రూపాయలకు తెల్లకాగితాలు కొని మెట్ల మీద కూర్చుని, కార్డులోంచి నా పేరు తీసేయమనే కాగితం, ఆమె దరఖాస్తు రెండూ రాశాను. దరఖాస్తు ఆమె మాటగా ఇలా రాశాను. నా భర్త చనిపోయారు. నాకు పిల్లలు లేరు. నన్ను పోషించేవారు, నా మంచిచెడులు చూసేవారు ఎవరూ లేరు. కావున దయతో, అంటూ ముగించాను.

ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేసే ముందు పెద్దమ్మ నా చేత చదివించుకుంటుంది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచీ ఇది ఆమె పెట్టిన నియమం. అంతకుముందు ఎవరో ఏదో కాగితం మీద వేలు వేయించుకున్నారని, అందులో ఏముందో ఇప్పటికీ తనకు తెలియదని అంటూ ఉంటుంది. ఈ ఒక్కసారి చదవకుండా తప్పించుకోవాలని చూశాను. ఆమె ఒప్పుకోలేదు. గొంతు తగ్గించి చదివాను.

"మల్ల చదువు" అంది.

చదివాను.

"గా చూసెటోళ్లు అన్న కాడ."

అక్కడ మళ్లీ చదివాను. ఆమె నా మొహం చూడలేదు. కార్యాలయం గేటు వైపు చూస్తూ ఉంది.

"ఉన్నది ఉన్నట్టు రాసిన నాడు తీసేసిండ్రు. నువ్వు లేవని రాస్తె ఇస్తరా?"

ఆ ప్రశ్న లోపలున్న గుమస్తాకో, నాకో తెలియలేదు. వద్దు పెద్దమ్మా, చింపేస్తాను, పోదాం పద అన్నాను. చింపబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది. "చింపకు. మంచిగనే రాసినవు" అని బొటనవేలు చాచింది. సిరా ముద్ర వేసి, వేలిని జుట్టుకు తుడుచుకుంది. గుమస్తా కాగితాలు తీసుకుని రసీదు ఇచ్చాడు. ఒంటిగంటన్నర అయింది.

తిరిగి షేర్ ఆటోలో ఊరికి వెళ్లాం. ఇంట్లోకి అడుగుపెట్టాక, "తింటవా, బస్సుకు ఆల్చమైతదా?" అని అడిగింది. ఇరవై నాలుగేళ్లలో ఆమె నన్ను తింటావా అని అడగడం అదే మొదటిసారి. ఎప్పుడూ కంచం ముందు పెట్టేది, అంతే.

నాలుగున్నర బస్సుకు కోస్గిలో ఎక్కి ఎనిమిది లోపు నగరం చేరాను. ఇది జరిగి రెండు నెలలైంది. రసీదు మీది సంఖ్య కొడితే పరిశీలనలో ఉందనే వస్తోంది. నేను డబ్బులు పంపుతున్నాను, ముట్టాయని ఆమె పక్కింటి వాళ్లతో చెప్పిస్తోంది. ఆటో అతని ప్రశ్న నాకింకా గుర్తొస్తుంది. అందరికీ ఇస్తే బంగారు గాజులావిడకూ పోతుంది, నాకూ పోతుంది, అది వృథాయేనని ఒప్పుకుంటాను. ఖజానా ఎంత పెద్దదో నాకు తెలియదు. లేనివాళ్లను మాత్రమే ఏరి ఇస్తామన్నప్పుడు, నాకు లేదు అని ఎవరో ఒకరు రాసివ్వాలి. తనకు లేదని నిరూపించుకోవడానికి మా పెద్దమ్మ నన్ను లేకుండా చేసుకోవాల్సి వచ్చింది. ట్రాక్టరున్న ఇంటికి పింఛను వస్తూనే ఉంది. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల ఫారం కూడా నా చేతి రాతే. జాబితాలు ఎలా తయారు చేయాలో చదువుకున్న పెద్దలు చెప్పాలి. ఆ కాగితం ఖరీదు కూడా వాళ్లు ఎక్కడో ఒకచోట రాసుకుంటే బాగుండును.

ఇదే పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఆ కాగితం మీరు రాయకండి. గోడ పక్కన కూర్చున్న వాళ్లకు వంద రూపాయలిచ్చి రాయించండి, చదివి వినిపించేది కూడా వాళ్లనే చదవమనండి. ఆ కాసేపు మీరు జిరాక్స్ దుకాణం దాకా వెళ్లి రండి.