కాగితానికి పెట్టని పరీక్ష

తిరుపతిలో ఒక శిక్షణ సంస్థ వాళ్లు తాము ఇచ్చే ధ్రువపత్రాలను తెలుగులో అచ్చు వేయాలనుకున్నారు. ఎక్స్‌పర్ట్ అన్న మాటకు సరైన తెలుగు మాట చెప్పమని నన్ను అడిగారు. నేను రిటైరైన బడిపంతుల్ని, పైగా పత్రికల్లో వ్యాసాలు రాస్తాను. అడిగిందే చాలని కాగితం నింపాను. నిపుణుడు, ప్రవీణుడు, దక్షుడు, విశారదుడు, ఆరితేరినవాడు, తలపండినవాడు.

రాసేకొద్దీ అనుమానం పెరిగింది. తలపండడానికి ఏ విద్యా అక్కర్లేదు, బతికుంటే చాలు. విశారదుడు శాలువా కప్పుకోకుండా గడప దాటడు. ఆరితేరినవాడు అన్న మాటను మేం ఎక్కువగా దొంగల విషయంలోనే వాడతాం. కుశలుడు ఒక్కడే నాకు కొంత నచ్చాడు. కుశ అంటే దర్భ. పూర్వం చెయ్యి కోసుకోకుండా దర్భ కోసుకొచ్చేవాణ్ణి అలా అనేవారట. కోసుకున్నాడో లేదో చేతిని చూస్తే తెలుస్తుంది. ఇక ఇంగ్లీషు మాట పుట్టుక చూస్తే, స్వయంగా పరీక్షించి తెలుసుకున్నవాడని అర్థం. ప్రయోగానికి వాళ్లు వాడే మాట కూడా దాని తోబుట్టువే. మా ఊరి బోర్డుల మీద మాత్రం మోకాళ్ల నొప్పులకూ, వాస్తుకూ, జాతకాలకూ అదే మాట. ఎవరు పరీక్షించారో ఏ బోర్డూ చెప్పదు.

'ఎవరు చెప్పారని కాదు, ఎలా తెలిసిందని అడుగు.' కుర్రతనంలో చర్చావేదికల్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. ఆ పాఠాన్ని నేను సగమే పాటించిన సందర్భం ఒకటుంది.

బంగారుపాళ్యం దగ్గర మా నాయన వేసిన ముప్ఫై తోతాపురి మామిడి చెట్లు మా చెల్లెలి వంతుకు వచ్చాయి. వాటి మీదే ఆమె బతుకు. గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురిని సరిగ్గా తీసుకోవడం మానేశాక, చెట్లను బేనిషాగా, అంటే బంగినపల్లిగా, మార్చాలనుకుంది. మార్చడమంటే చెట్టును రొమ్ము ఎత్తున నరికి, మొద్దుకు వచ్చిన చిగుళ్లు వేలి మందం అయ్యాక వాటికి బేనిషా పుల్లల్ని అంటు కట్టడం. మళ్లీ కాపు రావడానికి మూడేళ్లు. కట్టిన పుల్ల వేరే రకమైతే ఆ మూడేళ్లూ గంగలో కలిసినట్టే. మళ్లీ నరకాలి. ముసలి చెట్లు రెండో నరుకుడుకు నిలుస్తాయో లేదో ఎవరూ చెప్పలేరు.

పుల్లలు తెచ్చే బాధ్యత నేను తీసుకున్నాను. చెట్లు నరికించి, చిగుళ్లు ముదిరాక హైవే పక్కన ఒక నర్సరీలో కొన్నాను. 'నిపుణులచే ధ్రువీకరింపబడిన బేనిషా' అని ముద్ర వేసిన కాగితం కూడా ఇచ్చారు. అంటు కట్టడానికి చెల్లెలు చిత్తూరు నుంచి ఒక ముసలి సాయిబును పిలిపించింది. ఆయన సంచి దించీ దించకముందే ఒక పుల్లకు మిగిలిన ఆకు తుంచి, నలిపి వాసన చూశాడు.

"యాడ దెచ్చినారు సార్ వీటిని?"

"నర్సరీలో. కాగితం ఉంది."

"కాగితం నలిపితే వాసన రాదు గదా సార్. ఇది బేనిషా గాదు. తోతాపురి మాదిరుండాది."

"అసలైన బేనిషా పుల్లలు మీ దగ్గరున్నాయంటారు, అంతేగా?"

"నా కాడ యాడివి? నాకు జానెడు భూమి లేదు. చెట్లుండే వాళ్లు తెలుసు, అంతే."

కమీషన్ బేరమని నాకు గట్టిగా అనిపించింది. చెల్లెలు మధ్యలోకి వచ్చింది.

"ఏందన్నా, భాయ్ చెప్పేది రవ్వంత విను. పుట్టినకాడ్నించీ చెట్లలోనే ఉండాడు."

"ఎంతకాలం ఉన్నాడన్నది రుజువు కాదమ్మా."

"ఆ మాట నీ మీటింగుల్లో చెప్పుకో పో!"

రుజువు నేనే తీస్తానన్నాను. పక్క తోటకు వెళ్లి ఐదు రకాల చెట్ల నుంచి ఒక్కో ఆకు తెచ్చాను. ఆయన తువ్వాలుతోనే ఆయన కళ్లకు గంతలు కట్టాను.

"ఇది పరీక్షా సార్, పెండ్లిచూపులా?" అని నవ్వాడు గానీ కాదనలేదు. ఒక్కో ఆకూ నలిపి, వాసన చూసి చెప్పాడు. నాలుగు సరిగ్గా చెప్పాడు. నీలం రకం మామిడి ఆకును మాత్రం తోతాపురి అన్నాడు.

"ఐదుకు నాలుగు! బళ్లో ఎప్పుడన్నా ఇన్ని మార్కులు ఏసినావా అన్నా నువ్వు?" అంది చెల్లెలు.

"తప్పిన ఆ ఒక్కటీ మన తోటే అయితే?" అన్నాను. వాదనలో గెలిచాను. గెలవడం నాకు అలవాటు.

"సరే సార్. చెట్టు మీది, పుల్ల మీది. కట్టేది నా పని" అని సాయిబు కత్తి తీశాడు.

తన మాట చెల్లలేదన్న కోపంతో పని పాడు చేస్తాడేమోనని రెండు రోజులూ పక్కనే కూర్చుని కాపలా కాశాను. పుల్ల కొసను ఒకే కోతతో ఏటవాలుగా చెక్కేవాడు. చిగురులో చీలిక పెట్టి దాన్ని దించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి, బొటనవేలితో ఒకసారి అదిమి వదిలేవాడు. రెండో కోత అవసరమవడం నేను చూడలేదు. నెల తిరిగేసరికి దాదాపు అన్నీ చిగురించాయి.

మూడో వేసవిలో, మే నెలలో, కాయ రూపం తేలగానే చెల్లెలు ఫోను చేసింది.

"అన్నా, నీ బేనిషా వచ్చి సూసుకో. అంతా నీలం కాయలే."

వెళ్లి చూశాను. ఏ చెట్టు చూసినా గుండ్రటి చిన్న కాయలు. నీలమే. సాయిబు తోతాపురి అన్నాడు, అది తప్పు. బేనిషా కాదన్నాడు, అది నిజం. ఆ రోజు పరీక్షలో ఆయన పడ్డ పొరపాటు కూడా సరిగ్గా ఇదే. ఆయన ముక్కు ఎక్కడ తప్పుతుందో నా పరీక్షే నాకు చూపించింది. దాన్ని ఆయన మీద ఎత్తిపొడుపుగా వాడాను తప్ప, దాన్నిబట్టి ఆలోచించలేదు. కాగితానికైతే ఏ పరీక్షా పెట్టలేదు. నర్సరీకి వెళ్లి, ధ్రువీకరించిన ఆ నిపుణులు ఎవరని అడిగాను. కౌంటరులో ఉన్నతను కాగితాల కట్ట తిరగేసి చూపించాడు.

"అది ప్రింటులోనే వస్తాది సార్. అన్ని రకాలకీ అదే."

ఈసారి చెల్లెలు నన్ను సలహా అడగలేదు. చెట్లను మళ్లీ నరికించి, సాయిబునే పిలిచింది. ఆయన మా ఇద్దర్నీ ఒక రైతు తోటకు తీసుకెళ్లి, కాపు మీదున్న బేనిషా చెట్టు కింద నిలబెట్టాడు. ఒక కొమ్మకు పండిన కాయ కోసి, ముక్కలు చేసి ముందు చెల్లెలికి, తర్వాత నాకు ఇచ్చాడు.

"తినండి. నచ్చితే ఈ కొమ్మకి గుడ్డ కట్టండి. మన చిగుళ్లు ముదిరినాక దీని పుల్లలే కోస్తా."

పండు బాగుంది. అయినా నా నోరు ఊరుకోలేదు.

"అప్పటికి మీరు గుడ్డ విప్పి ఇంకో కొమ్మకు కట్టరని ఏమిటి నమ్మకం?"

చెల్లెలు తల పట్టుకుంది. సాయిబు ముఖం మాత్రం వెలిగిపోయింది.

"అట్ల అడుగు సార్! ఆ పొద్దు నర్సరీలో ఇట్ల అడగాల్సింది. గుడ్డ నీదే చించు, ముడి నువ్వే ఎయ్యి. నాకు రాని ముడి ఎయ్యి."

జేబురుమాలు చించాను. బడిలో స్కౌట్ల పిల్లలకు నేర్పిన ముడి ఒకటి వేశాను. నెలల తర్వాత పుల్లలు కోసే రోజున వెళ్లి చూస్తే నా ముడి నేను వేసినట్టే ఉంది. నా ఎదుటే కోశాడు, ఆ రోజే తెచ్చి కట్టాడు.

అయితే అప్పటికే ముప్ఫై మొద్దుల్లో నాలుగింటికి చిగురే రాలేదు. రెండో నరుకుడు అవి తట్టుకోలేకపోయాయి. ఎండిపోయిన వాటిని తీసేయిద్దామని నేనే అన్నాను.

"ఉండనీలే అన్నా" అంది చెల్లెలు, అంట్లకు నీళ్లు పోస్తూనే. "నువ్వొచ్చినప్పుడు నీ సంచి తగిలించుకునేదానికి పనికొస్తాయి."

ఎప్పుడు వెళ్లినా నా సంచి నేల మీదే పెడుతున్నాను.