సెనోబియా కాపు కాసిన తిట్లు

పెరూ దేశంలోని మా హౌహా ఊరి బజారులో జిరాక్స్ షాపు నడిపే సెనోబియా అపోలాయాకి యాభై ఎనిమిదేళ్ళు. కాపీలకు ఎవరూ రాని వేళల్లో, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వంలో పెరూ సినిమాల పేజీలు రాస్తుంది. పదకొండేళ్ళుగా ఇదే పని. జీతం లేదు, మెప్పు లేదు. పేరున్న పత్రిక ఒక సినిమాను పొగిడినా తిట్టినా తేదీతో సహా ఎక్కిస్తుంది. తన అభిప్రాయం మాత్రం ఒక్క ముక్క రాయదు. ఇంత సీదా మనిషిని మా ఊరు భరించలేకపోవడంలో వింతేమీ లేదు.

ఆమె చెల్లెలు రుఫీనా మొగుడు అమాన్సియో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. రెండేళ్ళ కిందట ఏ పూనకం వచ్చిందో, 'కొండ దిగిన శాపం' అని దయ్యం సినిమా తీశాడు. ఊరంతా నటించాం. నేను మూడు సీన్లలో శవాన్ని. విడుదల రోజున మా మొహాలు మేమే చూసుకుని హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టుకున్నాం. రాజధాని లీమా పత్రికలు రెండు మాత్రం అరపేజీ చొప్పున ఉతికి ఆరేశాయి. దయ్యం చేతికి గడియారం ఉంది గానీ సినిమాలో ఏదీ సమయానికి జరగదని ఒకటి రాసింది. బతికున్నవాళ్ళకన్నా శవాలే నయమని రెండోది రాసింది. ఆ రెండోదాన్ని నేను కత్తిరించి దాచుకున్నాననుకోండి.

సెనోబియా రెండూ పేజీలో పెట్టింది. మర్నాడే అమాన్సియో షాపు మీదికొచ్చాడు.

"ఇంటిమనిషివై ఉండి నా నెత్తిన బురద పోస్తావా వదినా?"

"పోసింది లీమావాళ్ళు. ఎవరు పోశారో రాశానంతే."

అతని మనుషులు చెరిపేయడం, ఆమె మళ్ళీ పెట్టడం, నెల రోజులు ఇదే గోల. చివరికి రుఫీనా వచ్చి, ఆ తిట్లు అక్కడ ఉన్నన్నాళ్ళు నీకూ నాకూ మాటల్లేవని తెగేసి చెప్పింది. ఒక్కగానొక్క చెల్లెలు. సెనోబియా మెత్తబడి, ఇక ఆ పేజీ ముట్టనని మాటిచ్చింది.

ఇక మా ప్రతాపం చూడాలి. తిట్లు పీకేశాం. బేకరీ అతను అద్భుతమన్నాడని, చర్చి కరపత్రం మెచ్చుకుందని, రేడియో అనౌన్సరు కళ్ళు చెమర్చాయని ఎక్కించాం. పది రోజులు చంకలు గుద్దుకున్నాం. పదకొండో రోజున పేజీ పైన ఆ సర్వస్వం పెద్దల హెచ్చరిక ఒకటి వెలిసింది. ఇది ప్రకటనలా ఉంది, ఈ సినిమాను బయటివాళ్ళెవరైనా పట్టించుకున్న ఆధారం లేదు, వారంలో పేజీ తీసేస్తామని దాని సారాంశం.

అమాన్సియో మొహంలో నెత్తుటి చుక్క లేదు. జన్మకు తీసింది ఒక్క సినిమా. అది ఉందని లోకానికి చెప్పే చోటు ఆ పేజీ ఒక్కటే. మళ్ళీ షాపుకే వచ్చి కాపాడమన్నాడు. బేకరీవాడి మాట లెక్కకు రాదని, పెద్ద పత్రికలు సినిమా చూసి వివరంగా రాస్తేనే పేజీ నిలుస్తుందని ఆమె విడమరిచి చెప్పింది. అలా రాసినవి రెండే ఉన్నాయి.

"నేను ముట్టనని నీ పెళ్ళానికి మాటిచ్చాను. నువ్వే కొట్టు," అని కంప్యూటరు అతని వైపు తిప్పింది.

జిరాక్సులకు వచ్చిన మేమంతా వరసలో నిలబడి ఉన్నాం. అమాన్సియో ఒంటి వేలితో తన సినిమా మీది తిట్లు అక్షరం అక్షరం కొట్టాడు. ఒక్కరం కూడా తలెత్తలేదు. చెరిపినప్పుడు ఉన్న పౌరుషం అప్పుడు ఎక్కడికి పోయిందో.

మూడు రోజులకు హెచ్చరిక తీసేశారు. రెండు పెద్ద పత్రికలు సవివరంగా విమర్శించాయి గనక పేజీ ఉంచాలని తేల్చారు. మా పొగడ్తల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆ సాయంత్రం అమాన్సియో నెమ్మదిగా అడిగాడు. "నిజం చెప్పు వదినా. అంత చెత్తగా ఉందా?"

"చెత్తగానే ఉంది," అంది సెనోబియా. "రెండుసార్లు చూశాను. మెచ్చుకోడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని రెండోసారి చూశాను."

రుఫీనా ఇంకా మాట్లాడదు. తిట్లు పెట్టింది మొగుడే అయినా తప్పు అక్కదేనట. మా ఊరి న్యాయం ఇలాగే ఏడుస్తుంది. అమాన్సియో మాత్రం ఇవాళ కొత్త కథ కాగితాలు తెచ్చి సెనోబియా ముందు పెట్టాడు.

"లీమావాళ్ళకన్నా ముందు నువ్వు తిట్టెయ్ వదినా," అన్నాడు.