ఎడమవైపు జాగా

ఆల్విన్ ష్రైనర్ మా ఊరి కాఫీ హోటల్లో ఎప్పుడూ కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చుంటాడు. నలుగురు పట్టే బల్ల. ముందు మాంసం, చిక్కుడు గింజలు వేసి వండిన చిల్లీ గిన్నె, పక్కన దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె. మిగతా కుర్చీలు ఎవరడిగినా ఇచ్చేస్తాడు. పెళ్లి చేసుకోలేదు. మొక్కజొన్న గోదాములో లారీలు తూకం వేసి వేసి రిటైరయ్యాడు. మా నెబ్రాస్కా ఊళ్లో అతన్ని ఎరగనివాళ్లు లేరు. అతనింటికి వెళ్లేవాళ్లూ లేరు.

డెబ్బై నాలుగులో అతను మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి సెంటర్, అంటే ముందు వరసలో మధ్యవాడు. వంగి, బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి, మరుక్షణం మీదికొచ్చేవాణ్ణి భుజంతో ఆపాలి. ఆ ఏడు మావాళ్లు ఒక్క ఆటా గెలవలేదు. సీజన్ అయ్యాక కాన్ఫరెన్సులోని, అంటే మాతో ఆడే కాలేజీల కూటమిలోని కోచ్‌లంతా ఎప్పటిలాగే ఒకచోట చేరి, అన్ని కాలేజీల్లోంచి మేటి జట్టును ఎంచారు. ఏ కోచ్ కూడా తన కుర్రాళ్లకు ఓటు వేయకూడదు. మెచ్చుకోవలసింది ఎదుటివాళ్లే. వాళ్లు మా కాలేజీలో ఆల్విన్ ఒక్కణ్ణే మెచ్చుకున్నారు.

"మనల్ని చితక్కొట్టినవాళ్లందరికీ నువ్వు ముద్దొచ్చావంటే, వాళ్లకేదో సాయం చేసే ఉంటావురా!" అన్నాడు డెల్బర్ట్ హూపర్.

జట్టంతా పగలబడి నవ్వింది. డెల్బర్ట్ వరసలో ఆల్విన్‌కి ఎడమ పక్కన నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే గార్డు. ఆ నవ్వు తర్వాత ఇద్దరి మధ్యా మాట పలచబడింది. ఒకే ఊళ్లో ముసలివాళ్లయ్యారు. గోదాము దగ్గర ఎదురుపడితే వాన గురించి మాట్లాడుకునేవారు, ఆ సీజన్ ఊసు మాత్రం ఎత్తేవారు కాదు.

ఏటా పాత విద్యార్థులంతా కాలేజీకి తిరిగొచ్చే ఒక శనివారం ఉంటుంది; ఆ రోజు ఆట మధ్య విరామంలో, అలా ఎంపికైనవాళ్లను ఏడాది వారీగా మైదానంలోకి పిలుస్తారు. తక్కిన ఏళ్లవాళ్లు భుజాల మీద చేతులేసుకుని గుంపుగా వస్తారు. ఆల్విన్ ఒక్కడే వస్తాడు. ఈసారి కాన్ఫరెన్సునే ఎత్తేస్తున్నారు కాబట్టి ఇదే ఆఖరి పిలుపు.

ఆ వారం ఆల్విన్ డెల్బర్ట్ ఇంటికి వెళ్లాడు. డెల్బర్ట్ గరాజులో మంచు తోసే యంత్రం విప్పుతున్నాడు. దాని బెల్టు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను.

"శనివారం నాతో నడుస్తావా?"

"నా పేరు పిలుస్తారా?"

"పిలవరు."

"మరి నన్నెవరనుకుంటారు? నీ నర్సుననా?"

ఆల్విన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "బండలాంటివాడు నా మీద పడ్డప్పుడల్లా నువ్వు ఇటు జరిగి వాడికి అడ్డం పడేవాడివి డెల్. ఆ కోచ్‌లకేమో నేనే నిలబడి ఆపినట్టు కనిపించింది."

"ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా?"

"రోజూ గుర్తే. చెబితే నవ్వుతావని చెప్పలేదు."

"నవ్వేవాణ్ణే." డెల్బర్ట్ తలెత్తలేదు. "అలా అడ్డం పడ్డ మోకాలు ఇప్పుడు మెట్లే దిగనివ్వట్లేదు. పోరా. చలిగా ఉంది, తలుపు వేసి పో."

శనివారం ఈదురుగాలి. "డెబ్బై నాలుగో సంవత్సరం ఆటగాళ్లందరూ మైదానంలోకి రావాలి!" అని మైకులో కేక వేశారు. ఏ ఏడాదికైనా అలాగే పిలుస్తారు. ఆల్విన్ బయల్దేరాడు. వెనకాల ఇంకా ఎవరొస్తారా అని జనం కాసేపు చూశారు.

అతను తెల్లగీత దగ్గర నిలబడ్డాడు. మధ్యలో కాదు, బాగా కుడికి. ఎడమపక్కన ఒక మనిషి పట్టేంత జాగా.

ఫోటో తీసే పిల్ల చెయ్యి ఊపింది. "కొంచెం మధ్యకి జరగండి సార్!"

"ఇక్కడే బావుందమ్మా."

నా వెనక, జనం కూర్చున్న మెట్ల మీంచి ఒక గొంతు లేచింది. "ఒరేయ్ ఆల్విన్! ఎందుకురా అంత జాగా? నేనంత లావు కాదు!"

తిరిగి చూస్తే, అన్నిటికంటే పై వరసలో దుప్పటి కప్పుకుని డెల్బర్ట్. జనం ఏమీ తెలియకుండానే నవ్వారు. ఆల్విన్ తలెత్తి ఆ వరసలన్నీ వెతికాడు. మనిషి కనిపించాడో లేదో తెలీదు. ఎడమకి అరడుగు జరిగాడు, అంతకు మించి జరగలేదు. ఫోటో అలాగే పడింది.

ఆట ముగిశాక అతను మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. డెల్బర్ట్ ఆట మధ్యలోనే వెళ్లిపోయాడని నేనే చెప్పాను.

సోమవారం హోటల్ కిటకిటలాడింది. ఎవరో వచ్చి ఆల్విన్‌ని కుర్చీలు అడిగారు. "ఆ రెండూ తీసుకోండి," అంటూ ఎడమ కుర్చీ మీద టోపీ పెట్టాడు. చిల్లీ చల్లారిపోయేదాకా తలుపు వైపే చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.