రెండు వరుసల లెక్క

అంకెలను అడ్డంగా, నిలువుగా పేర్చిన మాత్రికలోంచి రాబట్టే ముఖ్యమైన విలువలు కొన్నుంటాయి; ఇప్పుడు వాటిని ఐగెన్ విలువలంటున్నారు. పంతొమ్మిది వందల నలభైలలో, నేను గుంటూరులో ఆనర్సు చదివే రోజుల్లో, లేటెంట్ రూట్లనేవాళ్లం. పేరేదైతేనేం, వాటి మూలంగానే నన్ను క్లాసులోంచి మా ఊరు మాచర్లకు తరిమారు.

పరీక్షలో ఒక మాత్రిక ఇచ్చి, దాని రూట్లు లెక్క కట్టమన్నారు. కట్టాం. తర్వాత అదే మాత్రికలో అంకెలను కొద్దికొద్దిగా మార్చి, కొత్త రూట్లు ఉజ్జాయింపుగా చెప్పమన్నారు. అందరూ డిటర్మినెంటును మళ్లీ మొదటినుంచీ విప్పి పేజీలు నింపారు. నేను పాత రూటునే పట్టుకుని, ఆ మార్పులో దాని దిశగా పడే వంతు ఎంతో చూసి, అంత కలిపాను. రెండు వరుసలు. జవాబు సరిపోయింది. అదే నా నేరమైంది.

"ఇది రెండు వరుసల్లో తేలేది కాదు. కాపీ కొట్టావు. తప్పయిందని రాసి మీ నాన్న చేత సంతకం పెట్టించుకురా. అందాకా క్లాసుకు రావద్దు," అన్నారు లెక్చరర్. రాళ్లు కొట్టేవాడి కొడుక్కి లెక్కలు రావడం ఆయనకు మింగుడు పడలేదు. ఆ కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు.

అయినా క్షమాపణ కాగితం రాసుకుని మరీ ఊరికి వెళ్లాను. చదువు పోతుందని భయం.

నాన్న క్వారీలో నాపరాళ్లు చూస్తున్నాడు. ఒకే పొరలోంచి తీసిన రెండు పలకల్లో బాగున్నదాన్ని ముందు సుత్తితో తట్టాడు. ఖంగుమంది. తర్వాత రెండోదాన్ని తట్టి, "కాస్త తగ్గింది. సన్న బీట ఉంది," అని పక్కన పెట్టించాడు.

కాగితం తీసి సంగతి చెప్పాను.

"ఇంతకీ నువ్వు చేసిన తప్పేందిరా?"

"తెలిసిన జవాబు దగ్గర పెట్టుకుని తేడా ఒక్కటే కట్టా నాన్నా. మొదటినుంచీ చెయ్యలా."

"మంచి పలక పక్కనే ఉంటే మళ్లా మొదటినుంచీ ఎతికేదేంది? తేడా చిన్నదేనా?"

"చానా చిన్నది."

"అయితే సరే. పెద్ద పగులుకి ఈ పద్ధతి పనికిరాదు."

బడి మొహం చూడని మనిషి, తేడా చిన్నదేనా అని లెక్చరర్‌కు తట్టని ప్రశ్న అడిగాడు. క్షమాపణ కాగితం అక్కడే చించేశాను. ఇంకో కాగితం పలక మీద పెట్టుకుని ఆ రెండు వరుసలే మళ్లీ రాశాను. తేడా పెద్దదైతే ఇది చెల్లదని మూడో వరుస చేర్చాను. నాన్న నా పెన్నులోని సిరా బొటనవేలికి పూసుకుని ఆ మూడు వరుసల కింద గట్టిగా నొక్కాడు.

సోమవారం ఆ కాగితం లెక్చరర్ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"క్షమాపణ ఏదీ?"

"లేదండీ. మా నాన్న వేలిముద్ర తెచ్చాను," అని వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నాను.