పూలకిరీటం పెట్టుకునే హక్కు

చికాగోలో మా చర్చి కింది హాల్లో పోలండ్ నాట్యం నేర్పే గెనోవెఫా టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పోలండ్‌లోని మా పెద్దల ఊళ్లలో పెళ్లికాని ఆడపిల్లలు తలకు పూలకిరీటం పెట్టుకునేవారు, పెళ్లయినవాళ్లు రుమాలు కట్టుకునేవారు. ఆ పద్ధతి తప్పితే ఆవిడ ఊరుకోదు.

పడుచుపిల్లలంతా ఒక్కొక్కరే నాట్యం మానేశారు. మిగిలింది పిల్లల్నీ మనవల్నీ ఎత్తిన మేమే. పంటల పండుగ ప్రదర్శనకు అందరం పూలకిరీటాలు పెట్టుకుని నిలబడ్డాం.

“తీసెయ్యండి! అమ్మమ్మలకి కన్నెపిల్లల వేషమా? సిగ్గులేదూ?” అని ఆవిడ అరిచింది.

“కిరీటం లేకపోతే చూసేవాళ్లకి బోసిగా ఉంటుంది టీచరుగారూ,” అన్నాను.

“వాళ్లకోసం అబద్ధం ఆడితే ఇక ఈ పద్ధతిని కాపాడి ఏం లాభం? ఇన్నేళ్లూ గోడకి చెప్పినట్టే అయింది నా పని!”

ఒక్కొక్కరి కిరీటం తనే లాగేసి, రుమాళ్లు బిగించి కట్టింది. అలవాటు కొద్దీ తన నెరిసిన తలకూ రుమాలు చుట్టుకోబోయింది. మాలో నోటిదురుసు మనిషి హాల్ష్కా దాన్ని పట్టుకుని ఆపింది.

“మీకు పెళ్లెప్పుడైంది టీచరుగారూ?”

ఆ మాట ఆవిడ దగ్గర ఎవరూ ఎత్తరు.

ఆవిడ హాల్ష్కాను కొరకొరా చూసింది. తర్వాత ఒక కిరీటం తీసి తలమీద పెట్టుకుంది. రంగురంగుల రిబ్బన్లు ఆవిడ వంగిన వీపుమీద వేలాడాయి.

“గుడ్లప్పగించి చూస్తారేం? ఈ బృందంలో ఇంకా ఒక కన్నెపిల్ల మిగిలింది. నడవండి!”